పంటి గుంటలో పోసేది ఏ ఎముక?

దంత సరుకుల వ్యాపారికి ఎదురైన చిక్కు ప్రశ్న

(మా గ్రామీణ విలేకరి)

భీమవరం: పన్ను పీకిన చోట దవడ కరిగిపోకుండా పోసే ఎముక పొడి మన జిల్లాలోని దంత వైద్యశాలల్లోనూ వాడుకలోకి వచ్చింది. బొటనవేలంత సీసా. అందులో పంచదార పలుకుల్లాంటి తెల్లని గింజలు. తూకం కంసాలి కొట్లో లాగా గ్రాముల్లోనే. ఈ గింజల్లో కొన్ని ఫ్యాక్టరీలో తయారవుతాయి. కొన్ని పశువుల ఎముక నుంచి వస్తాయి. కొన్ని మనుషులు దానం చేసిన ఎముక నుంచి వస్తాయి. పైకి చూస్తే అన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. ఏ రకం తెప్పించి అమ్మాలన్నది డెంటల్ డిపో యజమాని నిర్ణయం. ఏది వాడాలన్నది డాక్టరు నిర్ణయం. దవడ మాత్రం రోగిది.

ఈ ముగ్గురిలోనూ రోగికే అన్నిటికంటే తక్కువ తెలుసు. సీసా మీద రాత అంతా ఇంగ్లీషే. నోరు మొద్దుబారి కుర్చీలో వెనక్కి వాలిన మనిషి ఆ సీసాను చూసేదీ లేదు, అడిగేదీ లేదు. అందుకే పట్టణంలో చాలా ఏళ్లుగా డెంటల్ డిపో నడుపుతున్న ఒక వ్యాపారి, ఏ కంపెనీ సరుకు పెట్టుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు వెంటనే తేల్చుకోలేకపోయారు. పేరు రాయవద్దని కోరిన ఆయన, ఆ తర్జనభర్జన ఎలా సాగిందో చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆ లెక్కలు మన గ్రామాల వారికీ పనికివచ్చేవే.

చెట్టు పోతే గట్టు కుంగినట్లు

పన్ను ఊడితే పక్కన ఉన్న ఎముకకు ఏమవుతుందని కొందరికి సందేహం రావచ్చు. పొలం గట్టు మీది కొబ్బరి చెట్టును వేళ్లతో సహా పెకలిస్తే ఏమవుతుందో అదే అవుతుంది. చెట్టు ఉన్నంత కాలం వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. చెట్టు పోయాక గట్టు కుంగుతుంది, సన్నబడుతుంది. పన్ను పోయిన చోట దవడ వెడల్పు ఏడాది తిరిగేసరికి దాదాపు సగానికి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఆ తరుగులో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే జరిగిపోతుంది.

పెట్టి తీసే కట్టుడు పళ్లతో సరిపెట్టుకునే వారికి ఈ తరుగు అంత పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. దవడలో టైటానియం మేకు దిగగొట్టి దాని మీద పన్ను బిగించుకోవాలంటే మాత్రం చుట్టూ ఎముక ఉండాలి. స్వీడన్‌కు చెందిన బ్రానెమార్క్ 1965లో మొదటిసారి ఒక రోగి దవడలో ఇటువంటి మేకులు అమర్చారు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. దానితోపాటే ఎముక పొడి అవసరమూ పెరిగింది. చిగుళ్ల జబ్బుతో పంటి చుట్టూ ఎముక తినివేయబడిన చోట కూడా ఈ పొడి వాడతారు.

పొడి పోయగానే అదే ఎముకగా మారిపోదు. అది పందిరి వంటిది. ఆనప తీగ పందిరి పట్టుకుని పాకినట్లు, రోగి సొంత ఎముక కణాలు ఆ గింజల సందుల్లోకి పాకి కొత్త ఎముకను కడతాయి. కొన్ని రకాల పందిరి తీగ పెరిగేకొద్దీ కరిగి పోతుంది. కొన్ని రకాలది ఏళ్ల తరబడి లోపలే నిలిచి ఉంటుంది. మామూలుగా 4 నుంచి 6 నెలలు ఆగాక గాని మేకు వేయరు.

నాలుగు దారులు

ఈ ఎముక నాలుగు దారుల్లో వస్తుంది.

మొదటిది రోగి సొంత ఎముక. గడ్డం దగ్గర నుంచో, కింది దవడ వెనుక భాగం నుంచో డాక్టరు కొంత ఎముక తీసి గుంటలో పెడతారు. మేలిమి బంగారం ఇదేనని వైద్యులు చెబుతారు. ఎందుకంటే అందులో ప్రాణమున్న కణాలు ఉంటాయి. అయితే ఒక గాయం మాన్పడానికి రెండో గాయం చేయాలి. ఇందులో వ్యాపారి అమ్మేదీ ఏమీ లేదు.

రెండోది దానంగా వచ్చిన మనిషి ఎముక. చనిపోయిన దాతల నుంచి, తుంటి కీలు మార్పిడి ఆపరేషన్లలో తీసేసిన ఎముక ముక్కల నుంచి దీన్ని సేకరిస్తారు. రోగాలు లేవని పరీక్షించి, తేమ తీసి, శుద్ధి చేస్తారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో మొదలైన కణజాల బ్యాంకు ఈ పని చేస్తూ వచ్చింది. అక్కడ శుద్ధికి గామా కిరణాలు వాడతారు. సున్నపు అంశం తీసేసిన ఎముక, కండలో పెట్టినా కొత్త ఎముకను పుట్టించగలదని అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ 1965లో చూపించారు. ఈ రకానికి పేరు వచ్చింది అప్పటి నుంచే.

మూడోది జంతువు ఎముక. ఎక్కువగా వాడేది ఆవు జాతి పశువులది. మాంసం, కొవ్వు, మాంసకృత్తులు అన్నీ వేడితోనూ రసాయనాలతోనూ పోగొట్టి ఖనిజం మాత్రం మిగులుస్తారు. స్విట్జర్లాండుకు చెందిన గైస్ట్‌లిష్ కంపెనీ వారి బయో-ఆస్ ఈ రకంలో పేరు మోసినది. ఇది చాలా నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి పోసిన చోట ఎత్తు, వెడల్పు బాగా నిలుస్తాయి. దీని మీద జరిగినన్ని పరిశోధనలు మరో దాని మీద జరగలేదనే చెప్పాలి. పంది, గుర్రం ఎముకల నుంచి చేసేవీ ఉన్నాయి.

నాలుగోది ఫ్యాక్టరీలో చేసినది. మన ఎముకలో ఉండే సున్నపు, భాస్వరపు లవణాలనే రసాయనికంగా తయారు చేసి గింజలు కడతారు. హైడ్రాక్సీ అపటైట్ అనేది నెమ్మదిగా కరుగుతుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనేది త్వరగా కరుగుతుంది. రెండూ కలిపినవీ వస్తాయి. గాజుతో చేసిన రకం కథ మరీ వింతైనది. 1967లో అమెరికాలో లారీ హెంచ్ అనే గాజు పరిశోధకుడికి బస్సు ప్రయాణంలో వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఒక సైనికాధికారి తారసపడ్డాడు. మనిషి శరీరం తోసివేయని పదార్థం చేయలేరా అని ఆ అధికారి అడిగాడు. 1969లో హెంచ్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఇసుక, సోడా, సున్నం, భాస్వరం పాళ్లు మార్చి ఒక గాజు చేశాడు. ఎలుక తొడ ఎముకలో పెట్టిన ఆ గాజు ముక్క, లాగినా ఊడిరానంతగా ఎముకకు అతుక్కుపోయింది. ఈ గాజు గింజలను ఇప్పుడు పంటి గుంటల్లో వాడుతున్నారు.

దుకాణం లెక్క వేరు

కంపెనీల ప్రతినిధులు వచ్చి చెప్పేది తమ సరుకు గొప్ప. దుకాణదారు చూసుకోవలసింది తన బీరువాలో అది ఎన్నాళ్లు కూర్చుంటుందన్నది. దిగుమతి సరుకు ఖరీదు ఎక్కువ. మార్జిన్ శాతం ఒకటే అయినా సీసాకు మిగిలే రూపాయలు ఎక్కువ. కాని ఎక్స్‌పైరీ తేదీ దాటితే మునిగేదీ ఎక్కువే. స్వదేశీ ఫ్యాక్టరీ సరుకు ధర తక్కువ. చిన్న క్లినిక్కుల వారూ కొంటారు. త్వరగా తిరుగుతుంది.

దంత వైద్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ చదివి వెళ్లిన డాక్టర్లు చదువుకున్న రోజుల్లో చేయి అలవాటైన సరుకే అడుగుతారు. పాలకొల్లులోనో, ఆకివీడులోనో క్లినిక్కు పెట్టుకున్నా అదే పేరు చెబుతారు. డిపోలో అది లేకపోతే ఉన్నది పంపమంటారు. ఆ ఒక్క మాటతో నిర్ణయం డాక్టరు చేతిలో నుంచి దుకాణదారు చేతిలోకి వచ్చేస్తుంది. ఉన్నదేమిటన్న ప్రశ్న అక్కడే బరువెక్కుతుందని ఈ వ్యాపారి అంటారు.

సీసా పరిమాణం కూడా చిన్న సంగతి కాదు. ఒక్క పంటి గుంటకు సాధారణంగా అర గ్రాము అటూ ఇటూగా చాలుతుంది. పెద్ద సీసా తెప్పిస్తే గ్రాముకు ధర తగ్గుతుంది. కాని మూత తీసిన సీసాలో మిగిలిన పొడి మరో రోగికి పనికిరాదు. శుద్ధి చెడిపోతుంది. పారవేయడానికి ఎవరికీ మనసు రాదు. ఆ ఆశకు తావివ్వకుండా ఉండాలంటే దుకాణంలోనే చిన్న సీసాలు పెట్టాలన్నది ఆయన మొదట తీసుకున్న నిర్ణయం.

పెద్దావిడ అడిగిన మాట

మార్జిను, ఎక్స్‌పైరీ అని లెక్కలు వేసుకుంటున్న రోజుల్లోనే ఒక సంగతి జరిగింది. చుట్టుపక్కల గ్రామం నుంచి ఒక పెద్దావిడ మనవడిని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చారు. నీచు ముట్టని ఇల్లు. రెండు నెలల కిందట ఆమెకు దవడలో ఎముక పొడి పోశారు. మనవడు చికిత్స కాగితానికి అంటించిన చీటీ చదివి, అందులో బొవైన్ అన్న మాట చూసి, దాని అర్థం వెతికాడు. ఇది దేని ఎముక నాయనా, నిజం చెప్పు అని ఆమె అడిగారు.

చీటీ మీది బ్యాచ్ నంబరు తన బిల్లు పుస్తకంతో సరిచూస్తే సరుకు తన దుకాణానిదే. పశువు ఎముకేనమ్మా అని ఆయన ఉన్న మాట చెప్పారు. ఆమె ఎవరినీ నిందించలేదు. తీసేయడానికి వీలవుతుందా అని మాత్రం అడిగారు. డాక్టరుకు ఫోను చేశారు. గింజలు ఇప్పటికే ఎముకలో కలిసిపోయాయని, తీయాలంటే మంచి ఎముకను కూడా చెక్కవలసి వస్తుందని డాక్టరు చెప్పారు. కాసేపు కూర్చుని, ఇకముందు ఎవరికైనా ముందే చెప్పి పోయండి నాయనా అని ఆమె లేచి వెళ్లారు. చికిత్సలో లోపం లేదు. గాయం చక్కగా మానింది. లోపమల్లా ఒక్క మాట ముందుగా చెప్పకపోవడంలోనే.

ఇది కొత్త బాధ కాదు. హాలెండు శస్త్ర వైద్యుడు యాబ్ వాన్ మేకెరెన్ రాయగా 1668లో అచ్చయిన పుస్తకంలో ఇటువంటి ఉదంతమే ఉంది. రష్యాలో ఒక సైనికుడి పుర్రెకు తగిలిన దెబ్బను కుక్క పుర్రె ముక్కతో పూడ్చారట. గాయం మానింది. కాని జంతువు ఎముక ఉన్నవాడని మతాచార్యులు అతన్ని వెలివేశారు. ఆ ముక్క తీసేయమని అతను వైద్యుడి వద్దకు తిరిగి వెళితే, అప్పటికే అది ఎముకలో కలిసిపోయి ఉందట. 350 ఏళ్లు దాటినా ప్రశ్న మాత్రం మారలేదు.

అంతా కాల్చి కడిగాక మిగిలేది ఖనిజమే కదా, ఇంకా ఆవు అనడం ఏమిటని కొందరి వాదన. ఆ వాదన తప్పని ఇక్కడ చెప్పడం లేదు. ఎందరో ఒప్పుకునే వాదనే అది. అయితే ఆ మాట రోగి నోట రావాలి. రోగి తరఫున మరొకరు అనుకుంటే సరిపోదు. ఆవు విషయంలో హిందువులకు, పంది విషయంలో ముస్లిములకు, ఏ జంతువు విషయంలోనైనా శాకాహారులకు పట్టింపు ఉండవచ్చు. పట్టింపు లేని వారూ ఉంటారు. అడిగితేనే తెలుస్తుంది.

పొడి మీద కప్పే పలుచని పొర సంగతీ ఇంతే. ఎక్కువ పొరలు కొల్లాజెన్ అనే పదార్థంతో చేస్తారు. అది ఆవు నుంచో, పంది నుంచో వస్తుంది. చేపల నుంచి తీసినదీ ఉంది. ఫ్యాక్టరీ పొడి పోసి, పైన జంతువు పొర కప్పితే ఫ్యాక్టరీ సరుకే వాడామనడం సగం నిజమే అవుతుంది.

చట్టం ఏమంటుంది

ఎముక పొడి మందు కాదు కాబట్టి ఎవరైనా అమ్మవచ్చనుకోవడం పొరపాటు. 2017 వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. వాటిని ప్రమాదాన్ని బట్టి ఏ, బి, సి, డి అని 4 తరగతులుగా విభజించారు. శరీరం లోపల పెట్టే, జంతువు లేక మనిషి కణజాలంతో చేసిన పరికరాలు అన్నిటికంటే పై తరగతి అయిన డి కిందకు వస్తాయి. సి, డి తరగతుల తయారీకి, దిగుమతికి 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి. అమ్మే దుకాణదారు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల వద్ద నమోదై ఎండీ-42 పత్రం పొందాలి.

మనిషి ఎముక సంగతి మరో చట్టం చూస్తుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టాన్ని 2011లో సవరించి కణజాలాలను కూడా అందులో చేర్చారు. దానంగా వచ్చిన ఎముకతో బేరసారాలు చేయరాదు. కణజాల బ్యాంకులు నమోదై ఉండాలి.

పశువు ఎముకకు కాగితాలు అడగడానికి మరో కారణమూ ఉంది. 1986లో బ్రిటన్‌లో పశువులకు వెర్రి ఆవు జబ్బు బయటపడింది. అది మనుషులకు సోకి ఉండవచ్చని 1996లో అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. అప్పటి నుంచి పశువు ఏ దేశానిది, ఏ మందది, ఎలా శుద్ధి చేశారు అన్న వివరాలు గట్టిగా చూస్తున్నారు. లైసెన్సు నంబరు లేకుండా, ఎవరి సంచిలోనో వచ్చిన చవక సీసాకు ఈ భరోసా ఉండదు.

చివరికి తేల్చుకున్నది

ఇవన్నీ బేరీజు వేసుకుని ఆ వ్యాపారి తన దుకాణానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. బీరువాలో ఎప్పుడూ ఉండేది ఫ్యాక్టరీలో చేసిన రకం. రెండు లవణాలు కలిపిన గింజలు ఒకటి, గాజు గింజలు ఒకటి. అవీ చిన్న సీసాల్లోనే. డాక్టరు ఉన్నది పంపమంటే వెళ్లేది ఇదే. దీని మీద ఏ మతం వారికీ అభ్యంతరం రాదు. ధర కూడా మన వైపు వారికి అందుబాటుకు దగ్గరగా ఉంటుంది.

పశువు ఎముకను ఆయన మానలేదు. ముందు పళ్ల దగ్గర ఎముక ఆకారం నిలవాలంటే అదే కావాలనే డాక్టర్లు ఉన్నారు. వారి మాటను కొట్టివేయడానికి తాను డాక్టరును కానని ఆయన అంటారు. అయితే పేరు చెప్పి ఆర్డరు పెడితేనే తెప్పిస్తారు. బిల్లు మీద ఆవు జాతి పశువు ఎముక అని తెలుగులో ముద్ర వేసి పంపుతారు. ఆ ముద్ర చూసి ఇద్దరు డాక్టర్లు వేరే చోట కొనుక్కుంటున్నారట. మరికొందరు ఆ బిల్లునే రోగికి చూపించి సంతకం తీసుకుంటున్నారట. మనిషి ఎముక కావాలన్న డాక్టర్లకు నేరుగా నమోదైన కణజాల బ్యాంకుకే రాసుకోమని చెబుతున్నారు.

పది సీసాలు కొంటే రెండు ఉచితం అనే స్కీములు ఆయన ఒప్పుకోవడం లేదు. ఉచితంగా వచ్చిన సీసా ఎవరో ఒకరి దవడలోకి పోవలసిందే కదా అన్నది ఆయన ప్రశ్న. అవసరం లేని చోట కూడా పోయించే ఆశ అందులోనే పుడుతుంది. పీకిన ప్రతి పంటికీ ఎముక పొడి అక్కరలేదు. మేకు పన్ను కట్టించుకునే ఉద్దేశం లేని వారు, కట్టుడు పళ్లతో సరిపెట్టుకునే వారు, పొడి ఎందుకని డాక్టరును నిలదీసి అడగవచ్చు.

ఈ పద్ధతితో సీసాకు మిగిలేది తగ్గింది. ఆ మాట ఆయన దాచలేదు. మాల్ తిరగడం వల్ల నష్టం మాత్రం రాలేదంటున్నారు.

కుర్చీ ఎక్కే ముందు

మన గ్రామాల నుంచి దంత వైద్యశాలకు వెళ్లే వారు కొన్ని మాటలు గుర్తుంచుకుంటే మంచిది. పెట్టె మీద బొవైన్ అని ఉంటే ఆవు జాతి. పోర్సైన్ అంటే పంది. ఈక్వైన్ అంటే గుర్రం. అల్లోగ్రాఫ్ట్ అంటే మనిషి ఎముక. జీనోగ్రాఫ్ట్ అంటే జంతువుది. సింథటిక్ లేక అల్లోప్లాస్ట్ అంటే ఫ్యాక్టరీలో చేసినది. చదవడం రాకపోతే ఇది దేని ఎముక, పైన కప్పే పొర దేనిది అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. మత్తు సూది వేయకముందే అడగాలి. సీసా తమ ఎదుటే విప్పమనాలి. బ్యాచ్ నంబరు ఉన్న చీటీని చికిత్స కాగితానికి అంటించి ఇమ్మనాలి.

రోగి చెప్పవలసినవీ ఉన్నాయి. చక్కెర జబ్బు అదుపులో లేకపోతే ఏ ఎముకా సరిగా పట్టదు. లంక పొగాకు చుట్ట అయినా, బీడీ అయినా, సిగరెట్టు అయినా పొగ తాగే వారికి గాయం మానడం ఆలస్యమవుతుంది, పోసిన ఎముక విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. ఎముకలు గుల్లబారడానికి మాత్రలు గాని, ఏడాదికొక ఇంజెక్షను గాని వాడుతున్న పెద్దవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. అటువంటి మందుల మీద ఉన్నవారికి పన్ను పీకితే దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం కొందరిలో ఉంటుంది. మేలిరకం పొడి కొన్నా ఈ సంగతులు దాస్తే డబ్బు నీళ్లపాలే.

ఎరువు బస్తా కొనేటప్పుడు కంపెనీ పేరు, తేదీ, తూకం చూడకుండా మన రైతు కొనడు. విత్తనం సంచి మీద చీటీ లేకపోతే తీసుకోడు. జన్మంతా దవడలో ఉండబోయే అర గ్రాము పొడి గురించి ఆ మాత్రం అడగడానికి మొహమాటపడనక్కరలేదు. అడిగేవారు పెరిగితే చెప్పేవారూ పెరుగుతారు. ఏ రకం అమ్మాలన్న ప్రశ్నకు దుకాణదారులు కూడా అప్పుడు రోగిని దృష్టిలో పెట్టుకునే జవాబు చెప్పుకోవలసి వస్తుంది.